పొగ రాని నిప్పు: కుంపటి నుంచి గ్యాస్ హీటర్ దాకా

నేను తెలుగు బళ్లో నేర్చుకోలేదు, ఇంట్లో విని, పుస్తకాలు చూసి నా అంతట నేనే నేర్చుకుంటున్నాను. అది మీకు తెలుసు. ప్రతిసారీ ఒక కొత్త మాట పట్టుకుని దాని వెనకాల వెళ్తాను. ఈసారి మాట "కుంపటి". చిన్న మాటే కదా అనుకున్నాను. కానీ దాని వెనకాల వెళ్తే మా ఇంట్లో అరవై ఏళ్లుగా ఎవరూ మాట్లాడని ఒక విషయం దొరికింది. అందుకే ఈ వ్యాసం కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి.

మేము ఉండేది బహ్రెయిన్‌లో, ముహర్రక్ ద్వీపం మీద, అరాద్‌లో. ఇక్కడ చలి ఏమిటి అని నవ్వకండి. జనవరి రాత్రుల్లో 14 డిగ్రీల దగ్గరికి వస్తుంది. షమాల్ అనే ఉత్తరపు గాలి సముద్రం మీంచి కొడితే ఇంకా చల్లగా అనిపిస్తుంది. ఇళ్లన్నీ వేడిని తట్టుకోవడానికి కట్టినవి. కింద టైల్స్, గోడకి ఏసీ. చలికి ఏమీ ఉండదు. మొన్న చలికాలంలో పాలకొల్లు నుంచి మా మామ్మ వచ్చింది (మా వైపు నాన్నగారి అమ్మని మామ్మ అంటాం). వచ్చిన మూడో రోజుకే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి అంది.

అదే వారంలో నాన్నకి తెలిసిన ఒక అమెరికన్ కుటుంబం ఊరు వదిలి వెళ్లిపోతూ ఒక గ్యాస్ హీటర్ ఇచ్చింది. చూడ్డానికి భలే ఉంది. సినిమాల్లో గోడలో మంట మండే పొయ్యి ఉంటుంది కదా, అలా. లోపల కట్టెల్లాంటి బొమ్మ కట్టెలు. నాన్నకి చాలా నచ్చింది. మామ్మ గదిలో గోడకి బిగించి, ఒక గ్యాస్ బండ పక్కన పెట్టి, తలుపు వేసేస్తే గది వెచ్చగా ఉంటుందని ఆయన ఆలోచన.

మామ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి అడిగింది:

"దీని పొగ ఎటు పోతుందిరా?"

"దీనికి పొగ రాదమ్మా. అందుకే గొట్టం కూడా లేదు."

"పొగ రాని నిప్పే మా అక్కని తీసుకుపోయింది," అంది మామ్మ. ఇంకేమీ అనకుండా వెళ్లి కూర్చుంది.

బాలింత గది

ఆ రాత్రి నేను మామ్మ పక్కన పడుకుని అడిగాను. మెల్లగా చెప్పింది. 1950ల చివర్లో జరిగింది. మామ్మకి అప్పుడు తొమ్మిదేళ్లు. వాళ్ల పెద్దక్క కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. పురుడు పోసిన ఏడో రోజు. కార్తీకమాసం, బయట తుపాను వాన.

బాలింతకి గాలి సోకకూడదు అని అప్పటి నమ్మకం. చెవుల్లో దూది, తలకి గుడ్డ. కిటికీ మూసేశారు. తలుపు సందుల్లో పాత చీరలు కుక్కారు. మంచం కింద కుంపటి పెట్టారు. కుంపటి అంటే నిప్పులు పోసుకునే మట్టి పాత్ర, లేదా ఇనపది. కట్టె బొగ్గులు పొగ పోయేదాకా బయట రాజేసి, కణకణలాడుతున్నప్పుడు లోపలికి తెస్తారు. పొగ పోయింది కాబట్టి భయం లేదు అనుకునేవారు. అర్ధరాత్రి పిల్లాడు ఏడుస్తుంటే, తల్లికి నిద్ర పాడవుతుందని, వాళ్లమ్మ ఎత్తుకుని మండువాలోకి తెచ్చింది. తలుపు మళ్లీ మూసింది.

తెల్లారి పెద్దక్క లేవలేదు. "నిద్రపోతున్నట్టే ఉంది. పెదాలు ఎర్రగా ఉన్నాయి, తాంబూలం వేసుకున్నట్టు," అంది మామ్మ.

ఊళ్లో వాళ్లు గాలి సోకింది అన్నారు. కొందరు ఇంకో మాట అన్నారు. నష్టజాతకుడు పుట్టాడు, తల్లిని మింగేశాడు అని. ఆ పిల్లాడు నాకు పెదనాన్న అవుతారు. ఇప్పుడు భీమవరంలో ఉంటారు. ఆ మాట ఆయన చెవిన పడుతూనే పెరిగారట.

నేను డాక్టర్ని కాదు. కానీ మూసిన గది, మంచం కింద నిప్పులు, ఎర్రటి పెదాలు, నిద్రలో చావు... ఇవన్నీ ఒకే చోట ఎక్కడ చదివినా ఒకే పేరు వస్తోంది. కార్బన్ మోనాక్సైడ్. అప్పుడు దాని చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

ఒక చక్రవర్తి బతికాడు, ఇంకొకాయన పోయాడు

ఇది మన ఒక్కళ్ల కథ కాదు. కుంపటి ఉన్న ప్రతి దేశంలోనూ ఈ కథ ఉంది. 4వ శతాబ్దంలో రోమన్ చక్రవర్తి జూలియన్, తాను పారిస్‌లో గడిపిన ఒక చలికాలం గురించి స్వయంగా రాసుకున్నాడు. గదిలోకి నిప్పులు తెప్పించుకున్నాడు. కాసేపటికి తల బరువెక్కి స్పృహ తప్పింది. మనుషులు ఆయన్ని బయటికి మోసుకొచ్చారు, బతికాడు. ఆయన తర్వాత సింహాసనం ఎక్కిన జోవియన్ 364లో ఒక రాత్రి నిద్రలోనే చనిపోయాడు. అప్పటి చరిత్రకారులు చెప్పిన కారణాల్లో ఒకటి, కొత్తగా సున్నం వేసిన గదిలో పెట్టిన బొగ్గుల నిప్పు.

అంటే ఏదో ఉంది అని మనుషులకి 1600 ఏళ్ల కిందటే తెలుసు. ఏముందో తెలియదు. ఎందుకంటే అది కంటికి కనపడదు, ముక్కుకి తెలియదు.

19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ అసలు సంగతి కనిపెట్టాడు. మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ ప్రాణవాయువుని మోసుకెళ్తుంది. కార్బన్ మోనాక్సైడ్ వచ్చి ఆ చోటులో కూర్చుంటుంది, ప్రాణవాయువుకి చోటు ఉండదు. ప్రాణవాయువు కంటే ఇది హిమోగ్లోబిన్‌ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే గదిలో కొంచెమే ఉన్నా, గంటల తరబడి పీలిస్తే రక్తం నిండా అదే ఉంటుంది. ఆ రక్తం రంగు బాగా ఎర్రగా ఉంటుంది. మామ్మ చెప్పిన పెదాలు నాకు అక్కడ గుర్తొచ్చాయి.

1895లో ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్ ఇంకా ముందుకెళ్లాడు. ఆ వాయువుని తానే పీల్చి, తన ఒంట్లో ఏమవుతోందో రాసుకున్నాడు. బొగ్గు గనుల్లో పేలుడు జరిగితే ఎక్కువమంది పేలుడుకి కాదు, తర్వాత మిగిలిన ఈ వాయువుకే చనిపోతున్నారని 1896లో చూపించాడు. గనుల్లోకి చిన్న పిట్టల్ని తీసుకెళ్లమన్నదీ ఆయనే. పిట్ట ఊపిరి వేగం ఎక్కువ, కాబట్టి మనిషి కంటే ముందు పడిపోతుంది. బ్రిటన్ గనుల్లో 1986 దాకా ఆ కేనరీ పిట్టలు ఉన్నాయి.

తెలుగులో ఒక సామెత నేర్చుకున్నాను. నిప్పు లేనిదే పొగ రాదు. నిజమే. కానీ పొగ లేదు కాబట్టి ప్రమాదం లేదు అనుకుంటే అది పొరపాటు. పొగ వస్తే దగ్గు వస్తుంది, కళ్లు మండుతాయి, మనిషి లేచి తలుపు తీస్తాడు. పొగ రాని నిప్పు మనిషిని లేపదు.

కన్నాలున్న ఇళ్లు

ఇక్కడ నాకు ఒక అనుమానం వచ్చింది. మన ఇళ్లల్లో తరతరాలుగా కుంపటి ఉంది కదా. కాఫీకి కుంపటి, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు, సాంబ్రాణికి నిప్పులు. మరి రోజూ ఎందుకు చావలేదు?

మామ్మనే అడిగాను. వాళ్ల ఇల్లు మండువా లోగిలి. ఇంటి మధ్యలో ఆకాశం కనపడుతుంది. వాన పడితే నీళ్లు మధ్యలో పడతాయి. చుట్టూ గదులు. పైన పెంకులు, పెంకుల మధ్య సందులు. గోడకీ చూరుకీ మధ్య ఖాళీ. వంటింట్లో పైన పొగ పోవడానికి కన్నం. ఆ ఇల్లు ఎప్పుడూ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఎవరూ పని కట్టుకుని భద్రత అని పెట్టలేదు. ఇల్లే ఆ పని చేసింది. ఆ ఒక్క రాత్రి, ఆ ఒక్క గదికి, ప్రేమతోనే కన్నాలన్నీ మూసేశారు.

ఇది చదివాక ముహర్రక్ పాత ఊళ్లో ఉన్న షేక్ ఈసా బిన్ అలీ ఇంటికి మళ్లీ వెళ్లాను. ఆయన 1869లో బహ్రెయిన్ పాలకుడయ్యాడు. స్కూల్ వాళ్లు తీసుకెళ్లినప్పుడు ఫొటోలు దిగి వచ్చేశాం. ఈసారి గాలి కోసం చూశాను. మధ్యలో ఆకాశం కనపడే ముంగిళ్లు. పైన బాద్‌గీర్, అంటే గాలిని పట్టి కిందికి దించే బురుజు. అచ్చం మామ్మ చెప్పిన మండువాలా ఉంది! ఇక్కడి వాళ్లకీ చలికాలంలో కుంపటి ఉండేది, దాన్ని దువ్వా అంటారు. దాని చుట్టూ కూర్చుని కాఫీ తాగేవారు. వాళ్ల ఇల్లూ ఊపిరి పీల్చేదే.

ఇప్పుడు మేముండే ఇల్లు చూడండి. అల్యూమినియం కిటికీలు, రబ్బరు అంచులు, ఏసీ చల్లదనం పోకుండా తలుపు కింద బ్రష్షు. మా ఇల్లు కట్టడంలోనే ఆ బాలింత గది. చీరలు కుక్కక్కర్లేదు, ముందే కుక్కేసి ఉంది. గల్ఫులో చలికాలం వస్తే బొగ్గులు గదిలో పెట్టుకుని నిద్రపోవద్దని సివిల్ డిఫెన్స్ వాళ్లు ఊరికే చెప్పరు.

నిప్పు మారింది, గాలి అవసరం మారలేదు

తర్వాత గ్యాస్ వచ్చింది. మన దేశంలో ఇండేన్ మొదటి కనెక్షన్ 1965 అక్టోబరు 22న కలకత్తాలో ఇచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చాక పల్లెల్లో చాలామంది ఆడవాళ్ల వంటింట్లోకి బండ వచ్చింది. బహ్రెయిన్‌లో 1932లో చమురు పడింది. గల్ఫుకి ఈ అరబ్బు వైపున అదే మొదటిది. చమురుతో పాటు వచ్చే గ్యాస్ నుంచి ప్రొపేన్, బ్యూటేన్ తీయడానికి 1979లో బనాగ్యాస్ కంపెనీ పెట్టారు.

గ్యాస్ నీలంగా, పొగ లేకుండా మండుతుంది. అందుకే జనానికి నమ్మకం కుదిరింది. కానీ దానికీ గాలి కావాలి. గాలి సరిపడా ఉంటే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వస్తాయి. ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. గొట్టం లేని హీటర్ పెట్టిన ఇంట్లో గోడలు చెమ్మగిల్లేది అందుకే. గాలి చాలకపోతే, లేదా బర్నర్‌లో దుమ్ము పడితే, మళ్లీ పాత శత్రువే వస్తుంది.

"గ్యాస్ లీకైతే వాసన వస్తుంది కదా" అని నాన్న అన్నారు. వస్తుంది. ఆ వాసన కూడా చరిత్రే. 1937 మార్చి 18న అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్ ఊళ్లో ఒక స్కూల్లో వాసన లేని గ్యాస్ లీకై పేలింది. సుమారు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలు. ఆ తర్వాతే గ్యాస్‌లో వాసన కలపాలని చట్టాలు వచ్చాయి. కానీ ఆ వాసన కాలని గ్యాస్‌కి. కాలిన తర్వాత వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ముక్కు ఒక ప్రమాదానికే కాపలా.

గొట్టం లేని హీటర్ల కోసం కనిపెట్టిన కాపలా పేరు ఓడీఎస్. గదిలో ప్రాణవాయువు తగ్గితే హీటర్‌ని ఆపేస్తుంది. అమెరికాలో వినియోగదారుల భద్రతా కమిషన్ ఇది ఉండి తీరాలని 1980లో నియమం పెట్టింది. పని చేసే తీరు చాలా తెలివైనది. హీటర్‌లో ఒక చిన్న పైలట్ మంట ఎప్పుడూ ఒక లోహపు పుల్లని వేడి చేస్తూ ఉంటుంది. మామూలు గాలిలో ప్రాణవాయువు దాదాపు 21 శాతం. అది సుమారు 18 శాతానికి పడితే ఆ చిన్న మంట పుల్లని వదిలి పైకి లేస్తుంది. పుల్ల చల్లారుతుంది, గ్యాస్ మూత పడిపోతుంది. హాల్డేన్ పిట్టలాంటిదే ఇది కూడా. ముందు తను పడిపోయి మనల్ని కాపాడుతుంది.

అయినా ఇది చూసేది ప్రాణవాయువుని మాత్రమే. కార్బన్ మోనాక్సైడ్‌ని చూడదు. గదిలో గాలి బాగానే ఉండి బర్నర్ పాడైతే దీనికి తెలియదు. అందుకే కాబోలు, కాలిఫోర్నియాలో ఇళ్లల్లో గొట్టం లేని గ్యాస్ హీటర్ పెట్టడానికే వీల్లేదు. మిగతా చోట్ల కొలతలు పెట్టారు.

ఆ కొలతలు తీసుకుని నేను, నాన్న టేపుతో మామ్మ గది కొలిచాం. అమెరికా లెక్క ప్రకారం ప్రతి 1,000 బీటీయూ వేడికి 50 ఘనపుటడుగుల చోటు కావాలి. మా హీటర్ 20,000 బీటీయూ. అంటే 1,000 ఘనపుటడుగులు. మామ్మ గది 11 అడుగులు, 10 అడుగులు, ఎత్తు 9. మొత్తం 990. చాలదు. పైగా పడక గదిలో 10,000 బీటీయూ దాటకూడదని ఇంకో నియమం ఉంది. నాన్న టేపు చుట్టేస్తూ ఏమీ అనలేదు.

మేము ఏం చేశాం

హాల్లో అయినా పెడదామని నాన్న లైసెన్సు ఉన్న గ్యాస్ మెకానిక్‌ని పిలిచారు. మలయాళీ అంకుల్. ఆయన ముందు హీటర్ వెనక ఉన్న రేకు చదివారు. అది ఏ గ్యాస్‌కి, ఎంత పీడనానికి తయారైందో అక్కడ రాసి ఉంటుంది. మా ఇంటి సిలిండర్‌కి, రెగ్యులేటర్‌కి అది సరిపోదు అన్నారు. నాజిల్ మార్చి ఎలాగో నడిపించేవాళ్లు ఉంటారట, కానీ తయారు చేసిన కంపెనీ భాగాలు లేకుండా తాను ముట్టుకోను అన్నారు. పైలట్ దగ్గర మసి చూపించారు. నాకు ఆయన మీద చాలా గౌరవం కలిగింది. వద్దు అని చెప్పి, కూలీ డబ్బులు వదులుకుని వెళ్లారు.

వెళ్లేముందు కొన్ని విషయాలు చెప్పారు. సరైన హీటర్ కొనుక్కునే వాళ్లకి పనికొస్తాయని రాస్తున్నాను.

సిలిండర్ ఇంటి బయట, నిలబెట్టి ఉండాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. అందుకని గ్యాస్ లీక్ అలారం నేలకి దగ్గరగా పెడతారు. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరే. అది గాలి బరువే ఉంటుంది కాబట్టి దాన్ని దాని పుస్తకంలో రాసిన ఎత్తులో, పడుకునే చోటికి దగ్గరగా పెట్టాలి. రెండూ కావాలి, ఒకటి ఇంకొకదాని పని చేయదు. బిగించాక ప్రతి అతుకు దగ్గర సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, అగ్గిపుల్లతో ఎప్పుడూ చూడకూడదు. కర్టెన్లు, సోఫా, పరుపు దూరంగా ఉంచాలి. వెలిగి ఉన్నంతసేపూ కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి. మంట నీలంగా ఉండాల్సిన చోట పసుపుగా మారితే, పైలట్ మాటిమాటికీ ఆరిపోతుంటే ఆపేసి మెకానిక్‌ని పిలవాలి. పైలట్ ఊరికే ఆరిపోతోంది అంటే అది పాడైందని కాదు, గాలి లేదని చెబుతూ ఉండొచ్చు. అది వెలిగించి నిద్రపోకూడదు. తలనొప్పి, వికారం ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే ముందు బయటికి రావాలి, కారణం తర్వాత వెతకొచ్చు.

అమెరికా హీటర్ ఇప్పుడు స్టోర్ రూములో ఉంది. మామ్మ గదిలో నూనె నింపిన కరెంటు హీటర్ పెట్టాం. అది గదిలో గాలిని తినదు. మామ్మ దాన్ని కూడా ఒక వారం అనుమానంగానే చూసింది. రాత్రి కిటికీ ఒక వేలెడు తీసి ఉంచమంటుంది. తీసి ఉంచుతాం.

ఇదంతా అయ్యాక నాన్న భీమవరం ఫోన్ చేశారు. పెదనాన్నతో మామూలు మాటలు మాట్లాడి, తర్వాత నాకు ఫోన్ ఇచ్చి "నువ్వే చెప్పమ్మా" అన్నారు. నాకు వచ్చిన తెలుగులో చెప్పాను. మూసిన గది, కుంపటి, రక్తం, ఎర్రటి పెదాలు. గాలి సోకి పోయింది అన్నారు కదండీ, నిజానికి గాలి సోకకే పోయారు అనుకుంటున్నాను అన్నాను.

అటునుంచి చాలాసేపు ఏమీ వినపడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత పెదనాన్న నెమ్మదిగా అడిగారు.

"అయితే నన్ను మండువాలోకి తెచ్చారు కాబట్టి నేను బతికాను, అంతేనా తల్లీ?"

"అవునండీ. అంతే," అన్నాను.

"జాతకం ఏమీ లేదన్నమాట."

"లేదు పెదనాన్నా."

తెలుగులో "గుండెల మీద కుంపటి" అనే మాట ఉందని పుస్తకంలో చదివాను. ఎప్పుడూ తీరని బాధని అలా అంటారట. అర్థం అప్పుడే తెలుసు. ఆ రోజు ఫోన్లో ఆయన వదిలిన ఊపిరి విన్నాక బాగా తెలిసింది.

తప్పులుంటే దిద్దండి. మీ ఇళ్లల్లో కుంపటి కథలుంటే పెద్దవాళ్లని అడగండి. వాళ్లు గాలి సోకింది అంటే, ఆ గది కిటికీ తెరిచి ఉందా మూసి ఉందా అని కూడా అడగండి.